డెబ్బై రూపాయల్లో మారవలసిన అలవాట్లు

విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆహారపు అలవాట్ల మీద జరిగే సర్వేల్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తుంది: మీ ఆహారాన్ని మార్చుకోవడానికి మీరు సిద్ధంగా ఉన్నారా? సిద్ధమే, ఆలోచిస్తున్నాను, ఆ ఉద్దేశం లేదు అని కింద గళ్లు ఉంటాయి. విద్యార్థి ఏదో ఒక గడిలో గుర్తు పెడతాడు. ఆ గుర్తులను కూడి, శాతాలు కట్టి, చివర 'విద్యార్థుల్లో అవగాహన పెంచాలి' అని ముగిస్తారు. ఈ ముగింపు మాత్రం ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఒకటే.

ఈ గళ్లకు ఒక చరిత్ర ఉంది. మనిషి అలవాటు మార్చుకునే క్రమాన్ని దశలుగా విడగొట్టిన సిద్ధాంతాన్ని ప్రోచాస్కా, డిక్లెమెంటే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించారు. 1983లో వెలువడిన వారి ప్రసిద్ధ పరిశోధన సొంతంగా పొగతాగడం మానుకున్నవారి గురించి. పొగతాగేవాడు తన సిగరెట్టును తానే కొనుక్కుంటాడు, తానే వెలిగించుకుంటాడు, కావాలంటే తానే ఆర్పేయగలడు. హాస్టల్ మెస్‌లో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడిన విద్యార్థికి ఈ మూడింటిలో ఏ స్వేచ్ఛా లేదు. ఏం కొనాలో, ఎంతకు కొనాలో, ఎలా వండాలో మరెవరో నిర్ణయించాక అతనిని పిలిచి 'నువ్వు మారతావా?' అని అడగడంలోనే రాజకీయం ఉంది. ఆ రాజకీయం గురించే ఈ వ్యాసం.

పుదుచ్చేరి పట్టణానికి నైరుతి దిక్కున, వరిపొలాల నడుమ ఏంబలం ఉంది. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికతో భర్తీ అయ్యే స్థానాలు 30. వాటిలో ఎస్సీలకు కేటాయించిన ఐదింటిలో ఏంబలం ఒకటి. ఎన్నికల వేళ తప్ప జాతీయ పత్రికల్లో ఈ పేరు కనిపించదు. (పక్కనున్న నెట్టపాక్కం, మడుకరై ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్డియార్ కుటుంబాలు ఉన్నాయనీ, 1960లలో పుదుచ్చేరి ముఖ్యమంత్రిగా ఉన్న వెంకటసుబ్బారెడ్డియార్ మడుకరై వారేననీ మన పాఠకుల్లో కొందరికి తెలియకపోవచ్చు.) 1985లో ఏర్పడిన పాండిచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం మాత్రం పట్టణానికి ఉత్తరాన, తూర్పు తీర రహదారి మీద కాలాపేట్‌లో ఉంది. అంటే ఏంబలం నుంచి వెళ్లే విద్యార్థి పట్టణం చేరి, బస్సు మారి, పట్టణాన్ని దాటి అవతలికి పోవాలి. ఉదయపు తరగతికి చేరాలంటే ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడకక ముందే బయలుదేరాలి. అతని 'ఆహారపు అలవాటు'ను నిర్ణయిస్తున్నది అతని అభిరుచి కాదు, బస్సు వేళ. 'ఉదయపు అల్పాహారం మానేస్తున్నారా?' అన్న సర్వే ప్రశ్నకు అతడు 'అవును' అనే రాస్తాడు. ఎందుకు మానేశాడన్నది అడిగే గడి ఆ కాగితంలో ఉండదు.

ఇదే ప్రాంగణానికి ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని మరో మూల నుంచి తెలుగు విద్యార్థులు కూడా వస్తారు. యానాం పరిపాలనలో పుదుచ్చేరిది, వంటలో గోదావరిది. పులస పేరు వింటూ, చేపల పులుసుతో అన్నం తింటూ పెరిగిన పిల్ల ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి వచ్చి సాంబారు, కూటు, పొరియల్‌కు అలవాటు పడుతుంది. ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా ఖాళీ అయ్యేవరకు ఇంటి రుచి వెంట ఉంటుంది, ఆ తరువాత అదీ ఉండదు. ఒక్క సెమిస్టరులో తన ఆహారాన్ని మొత్తంగా మార్చుకున్న మనిషి ఆమె. అలాంటి ఆమెను పట్టుకుని మార్పుకు సిద్ధమా అని అడుగుతున్నాం!

అసలు మన ప్రాంతాల్లో జనం తిండి ఎలా మారిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. రాయలసీమలో రాగిసంకటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్నరొట్టె, గటక మన తాతల కాలంలో రోజువారీ తిండి. ఏంబలం చుట్టుపక్కల తమిళ పల్లెల్లోనూ అంతే, అక్కడ రాగికూళ్. వరి అన్నం చాలా ఇళ్లలో పండగ భోజనం. బోరుబావులు, కాలువలు, హరిత విప్లవపు వంగడాలు వచ్చాయి. ఆపైన 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఒక తరం తిరిగేసరికి జొన్నలు, రాగులు పేదవాడి వంటింట్లో నుంచి తప్పుకున్నాయి. ఆ పథకం ఆకలిని తగ్గించింది; దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచినది ఇంతే: కోట్లమంది పళ్లేలు అలా మారినప్పుడు మీరు సిద్ధమా అని ఎవరినీ ఎవరూ అడగలేదు. ధర మారింది, సరఫరా మారింది, ఆ వెనుక అలవాటు మారింది. ఇప్పుడు అదే ప్రజల మనుమలు విశ్వవిద్యాలయాలకు వచ్చాక ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు మీ మనసు మార్చుకోండి అని ఉపదేశిస్తున్నాం. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది, ఆ ప్రతిపాదన మన దేశానిదే. ఆ ఏడాది ప్రాంగణాల్లో చిరుధాన్యాల మేళాలు, వ్యాసరచన పోటీలు చాలానే చూశాం. మేళా ముగిసిన మర్నాడు మెస్‌లో మళ్లీ అదే అన్నం, అదే నీళ్లచారు.

ఉపదేశాలకు కొదవ లేదు. ప్రాంగణాల్లో జంక్ ఫుడ్ అమ్మకాలను నిషేధించాలని యూజీసీ 2016 నవంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది, 2018లో మళ్లీ గుర్తు చేసింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఊబకాయం గురించి చెబుతూ నూనె వాడకాన్ని పది శాతం తగ్గించుకోమన్నారు. ఈ మాటల్లో అబద్ధం లేదు. పుదుచ్చేరి సంగతే తీసుకుంటే, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడి మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అదే సమయంలో నూటికి నలభై మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లోనూ రక్తహీనత సగం దాటింది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే శరీరంలో, రక్తం తక్కువ, బరువు ఎక్కువ. బియ్యం, నూనె, చక్కెర చౌకగా దొరికి, పప్పు, పాలు, గుడ్డు, పండు ఖరీదైన చోట ఇలాగే ఉంటుంది. అమ్మాయిల వసతిగృహాల్లో దీనికి గేటు మూసే వేళ కూడా తోడవుతుంది. రాత్రి మెస్‌లో కూర తినలేకపోతే అబ్బాయి రోడ్డు మీది బండి దగ్గరకు పోయి గుడ్డు దోసె తినగలడు, అమ్మాయికి గదిలో నూడుల్స్ ప్యాకెట్టే గతి.

ఇక లెక్కలోకి వద్దాం, ఎందుకంటే ఈ చర్చలో ఎప్పుడూ ఎగిరిపోయేది లెక్కే.

మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. దేశంలోని మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతానికి అనారోగ్యకరమైన ఆహారమే కారణమని అందులో అంచనా వేసింది. రోజుకు రెండు వేల కేలరీలు కావలసిన మనిషి పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదంది. మనం తింటున్న తీరులో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది.

ఈ పళ్లేన్ని బజారుకు తీసుకువెళ్దాం. ధరలు ఊరిని బట్టి, రుతువును బట్టి మారతాయి కాబట్టి ఇవి నా ఉజ్జాయింపు మాత్రమే. పాలు లీటరు అరవై చొప్పున పద్దెనిమిది రూపాయలు. కూరగాయలు కిలో నలభై అనుకుంటే పదహారు. కందిపప్పు కిలో నూట యాభై అనుకుంటే పన్నెండు పైచిలుకు. బియ్యానికి పన్నెండు, అరటిపండ్లకు ఏడు, వేరుశనగ గింజలకు అయిదు, నూనెకు నాలుగు. కూడితే డెబ్బై నాలుగు. ఇంకా ఉప్పు, చింతపండు, మిరపకాయలు, టీ, గ్యాసు ఈ లెక్కలోకి రాలేదు, వంటమనిషి జీతం అసలే రాలేదు. గుడ్డు కావాలంటే ఒక్కోదానికి మరో ఆరేడు రూపాయలు.

తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో సంక్షేమ వసతిగృహాల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్మీడియట్ నుంచి పీజీ దాకా చదివే విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. అభినందించవలసిన పెంపే. ముప్పై రోజులకు పంచితే రోజుకు డెబ్బై రూపాయలు. అంతకు ముందు యాభై. అల్పాహారం, మధ్యాహ్న భోజనం, సాయంత్రపు చిరుతిండి, రాత్రి భోజనం అన్నీ కలిపి! బియ్యం సర్కారు చౌకగా ఇస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. సరే, ఆ పన్నెండు తీసేయండి. మిగిలిన డబ్బుతో గ్యాసు, పోపు దినుసులు, వారానికోసారి కోడికూర సర్దిన తరువాత ఆ పాలు మూడు వందల మిల్లీలీటర్లుగానే మిగులుతాయా, ఆ పండు పండుగానే మిగులుతుందా? వార్డెన్ ఎంత నిజాయతీపరుడైనా చేయగలిగేది ఒక్కటే: ఖరీదైన దాన్ని తగ్గించి చౌకైన దాన్ని పెంచడం. చౌకైనది అన్నం. అలా పోషకాహార సంస్థ వద్దన్నదే వసతిగృహం వడ్డిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో విజయనగరంలో ప్రారంభమైన జగనన్న వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువుల విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు తల్లి ఖాతాలో వేసేలా పథకం పెట్టారు. పది నెలల విద్యా సంవత్సరానికి పంచితే రోజుకు 66 రూపాయలు. పార్టీలు వేరు, జెండాలు వేరు, ఇద్దరి పళ్లెం ధర మాత్రం దాదాపు ఒకటే. కేంద్రం లెక్క ఇంకా చిత్రం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలను 2020 డిసెంబరులో సవరించినప్పుడు హాస్టల్‌లో ఉండి బీఏ, బీఎస్సీ, బీకాం వంటి సాధారణ కోర్సులు చదివేవారికి ఇచ్చే భత్యాన్ని ఏడాదికి 6,000గా నిర్ణయించారు. రోజుకు ఇరవై రూపాయలు. ఏంబలం లాంటి నియోజకవర్గం నుంచి చదువుకు వచ్చే దళిత విద్యార్థి మార్పుకు ఎంత సిద్ధంగా ఉన్నాడో కొలవాలనుకునేవారు ముందు ఆ ఇరవైతో ఒక పూట గడిపి చూడవచ్చు. అదీ సకాలంలో అందితే. ఆలస్యమైతే మెస్ బకాయి పెరుగుతుంది, బకాయి తీరకపోతే ధ్రువపత్రాలు ఆగుతాయి. నెలాఖరున మొత్తం ఖర్చును తలల లెక్కన పంచుకునే మెస్‌లలో బిల్లు పెరిగితే బీద విద్యార్థే ముందు భయపడతాడు. కూరలో పనీరు వద్దని మెస్ కమిటీలో చేయెత్తేవాడు పనీరు ఇష్టంలేనివాడు కాదు.

ఇంత లెక్క ఉన్న విషయంలో మన రాజకీయాలు దేనికోసం కొట్లాడాయి? పళ్లెంలో ఏం ఉండాలన్నదాని కోసం కాదు, ఏం ఉండకూడదన్నదాని కోసం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ పండగ జరిగిన రాత్రి కత్తిపోట్లు, బాష్పవాయువు. 2015 డిసెంబరులో మళ్లీ తలపెడితే హైకోర్టు ఉత్తర్వులు, ప్రాంగణం చుట్టూ పోలీసులు. 2018లో మద్రాసు ఐఐటీ మెస్‌లో శాకాహారులకూ మాంసాహారులకూ వేర్వేరు ద్వారాలు, చేతులు కడుక్కోవడానికి వేర్వేరు చోట్లు అన్న నోటీసులు. 2022 శ్రీరామనవమి నాడు జేఎన్‌యూ కావేరి హాస్టల్‌లో కోడికూర మీద ఘర్షణ. 2023లో బొంబాయి ఐఐటీలో శాకాహారులకు కేటాయించిన బల్లల దగ్గర నిరసన తెలిపిన విద్యార్థికి పదివేల జరిమానా. 2025 శివరాత్రికి ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయంలో చేపకూర మీద కొట్లాట. ఈ వివాదాలు చిన్నవని నేను అనను. దళిత, బహుజన విద్యార్థులు తమ తిండిని తలెత్తుకుని తినే హక్కు కోసం చేసిన పోరాటం ఆత్మగౌరవ పోరాటం; ప్రాంగణంలో ఎవరి వంటకు మర్యాద ఉందో అది తేల్చి చెప్పింది. పైగా చవకైన మాంసకృత్తులను సిగ్గుపడవలసిన వస్తువుగా మార్చడం పోషకాహార సమస్య కూడా. పప్పు, మాంసం, చేప, కోడి అన్నీ కలిసి మన శక్తిలో 14 శాతం ఇవ్వవలసి ఉండగా 6 నుంచి 9 శాతమే ఇస్తున్నాయని అదే హైదరాబాదు సంస్థ చెబుతోంది. అయినా నా ఫిర్యాదు ఒకటుంది. టెలివిజన్ కెమెరాలు ఆ రాత్రుల్లో వచ్చాయి. పాలు నీళ్లయిన ఉదయాల్లో రాలేదు.

వచ్చిన సందర్భం ఒకటి బాసర. 2022 జూన్‌లో అక్కడి ట్రిపుల్ ఐటీ విద్యార్థులు ఎండావానల్లో వారం రోజులు బైఠాయించారు. జూలైలో వందమందికి పైగా విద్యార్థులు మెస్ భోజనం తిని అస్వస్థులయ్యారు. అదే నెలాఖరులో మెస్ కాంట్రాక్టర్లను మార్చాలంటూ పిల్లలు రాత్రి భోజనం మానేసి మెస్‌లోనే కూర్చున్నారు. ఆగస్టు మొదటి వారంలో గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ వెళ్లి వారితో మాట్లాడారు. ఆమె అప్పుడు పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతలు కూడా చూస్తున్నారు, వృత్తిరీత్యా వైద్యురాలు కూడా. రాజ్‌భవన్‌కూ ప్రగతి భవన్‌కూ పొసగని ఆ రోజుల్లో ఆ పర్యటన పత్రికల్లో గవర్నర్ వర్సెస్ ముఖ్యమంత్రి కథగానే మిగిలింది. అన్నం కథ పక్కకు పోయింది. మంచి తిండి కోసం ఉన్న తిండిని వదులుకున్న విద్యార్థుల సిద్ధతను ఏ గడిలో గుర్తు పెడదాం?

పుదుచ్చేరికి ఈ విషయంలో చెప్పుకోదగ్గ వారసత్వమే ఉంది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనాన్ని 1930లోనే ఫ్రెంచి పాలకులు అక్కడ ప్రవేశపెట్టారు. అదే పుదుచ్చేరి ఇటీవలి కాలంలో బియ్యమా, నగదా అన్న వివాదంలో ఏళ్ల తరబడి నలిగింది. 2015 సెప్టెంబరులో కేంద్రం అక్కడ ధాన్యానికి బదులు బ్యాంకు ఖాతాల్లో నగదు వేయడం మొదలుపెట్టింది. నారాయణస్వామి ప్రభుత్వం ఉచిత బియ్యమే ఇస్తామంది, లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ నగదే అన్నారు. 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రాజ్‌నివాస్ ముందు రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నారు. రేషన్ దుకాణాల మూత 2024 లోక్‌సభ ఎన్నికల్లో పెద్ద ప్రచారాంశమైంది. ఆ అక్టోబరులో రంగస్వామి ప్రభుత్వం వాటిని మళ్లీ తెరిచింది. ఏంబలం లాంటి పల్లెల ఓటర్లు తమ పళ్లెం గురించి గట్టిగా అడిగితే ప్రభుత్వాలు దిగివస్తాయని ఇది చెబుతోంది. ఆ ఇంటి కొడుకో కూతురో కాలాపేట్‌లో తినే పళ్లెం గురించి మాత్రం ఆ ఓటరు అడగలేదు, ఎవరూ ఆయనకు లెక్క చూపలేదు కాబట్టి.

తిండి పెట్టే బాధ్యతకు రాజ్యం ఒక వయోపరిమితి పెట్టుకుంది. అంగన్‌వాడీలో గుడ్డు, బడిలో మధ్యాహ్న భోజనం. తమిళనాడు 2022 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో ఉదయపు అల్పాహారం పెడుతోంది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరిట ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు మధ్యాహ్న భోజనాన్ని విస్తరించింది. ఇంటర్మీడియట్ దాటిన మర్నాటి నుంచి పళ్లెం పోతుంది, ఉపన్యాసం వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి తన తిండి తాను చూసుకోగలడన్న వాదన ఇంటి నుంచి డబ్బు వచ్చేవాడి విషయంలో నిజమే. ఫోనులో బిర్యానీ, కూల్ డ్రింకు తెప్పించుకుని అర్ధరాత్రి తినే విద్యార్థిని నేను వెనకేసుకు రావడం లేదు. అతనికి ఆ సర్వే పనికివస్తుంది, అతనికి అవగాహనా సదస్సు కూడా పనికివస్తుంది. వసతిగృహంలో ఉండే అధిక సంఖ్యాకుల కొలతబద్దను మాత్రం అతని మీద నుంచి తీయకూడదు.

చేయగలిగినవి ఆకాశంలో లేవు. ఉద్యోగుల కరవు భత్యం ధరల సూచీతో పాటు ఏడాదికి రెండుసార్లు సవరణకు వస్తుంది. డైట్ చార్జీలు ఎన్నికలో, మరణాలో, ధర్నాలో జరిగితే తప్ప కదలవు. ఆ రెండింటినీ ఒకే సూచీకి కట్టమని శాసనసభలో ఒక సవరణ అడగవచ్చు. ఉపకార వేతనంలో భోజన భాగాన్ని సెమిస్టరు మొదలయ్యే ముందే విడుదల చేయవచ్చు. మెస్ టెండరును అతి తక్కువ కోట్ చేసినవారికి కట్టబెట్టే పద్ధతి మాని, పప్పు ఎంత, పాలు ఎంత, కూరగాయలు ఎంత అని గ్రాముల్లో రాసి ఆ తరువాతే ధర అడగవచ్చు. ఆ కాగితాన్ని మెస్ గోడకు అంటించవచ్చు. జొన్నలు, రాగులను బియ్యంలాగే చౌక ధరకు వసతిగృహాలకు ఇస్తే వారానికి రెండు రోజులు రొట్టె, సంకటి పెట్టడానికి ఏ సదస్సూ అక్కర్లేదు. ఏంబలం నుంచి ఉదయాన్నే బస్సెక్కేవారికి విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో ఇడ్లీ, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు రాయితీ ధరకు అందించడం కూడా ప్రభుత్వ శక్తికి మించిన పనేమీ కాదు. ఇవన్నీ చేసి, ఒక ఏడాది ఆగి, అప్పుడు ఆ సర్వే కాగితం తీసుకుని మళ్లీ ప్రాంగణానికి వెళ్లండి. ఈసారి ఒక గడి అదనంగా పెట్టండి: మీ వసతిగృహానికి ఈ ఏడాది తలకు ఎంత వచ్చింది? దానికి జవాబు విద్యార్థి కాదు, వార్డెన్ రాయాలి.